మోకాలి మీద పిట్టగూడు

ఆ వానాకాలం మా ఇంట్లో ఒక పగ తీరింది. పగ నాది. తీర్చినది మా అక్క కూతురు. ఇంట్లో అందరం దాన్ని పిడుగు అంటాం. ఆ పేరు పెట్టినప్పుడు దానికి మూడేళ్ళు. మార్చవలసిన అవసరాన్ని అది ఆ తరువాత ఎన్నడూ కల్పించలేదు.

నేను పుస్తకాలకు పదసూచికలు తయారు చేస్తాను. ఏ మాట ఏ పుటలో ఉందో చూపిస్తూ పుస్తకం చివర సన్నని అక్షరాలతో వచ్చే వరుసలను ఎవరు రాస్తారో పాఠకులకు తెలియదు, తెలియనక్కర్లేదు. మేడమీద గదిలో కిటికీ పక్కన బల్ల వేసుకుని నేను చేసే పని అది. మనుషులతో మాట్లాడనక్కర్లేదు కనుకనే ఎంచుకున్నాను. ఆ సాయంత్రం తేనెటీగల పెంపకం మీద ఒక లావుపాటి గ్రంథంలో ‘రాణి’ అనే మాట వచ్చిన పుటలన్నీ ఏరుతూ ఉండగా పిడుగు తడిసిన గొడుగుతో లోపలికి వచ్చింది. అది కాలేజీలో చేరి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు.

“పిన్నీ, రాకుమారి మోకాలి మీద పిట్ట గూడు కడితే రాకుమారి ఏం చెయ్యాలి?”

నా చేతిలో కలం ఆగింది.

“ఎవరడిగారు?”

“మా హెచ్ఓడీ. కొత్తగా చేరిన ఆడపిల్లలందరికీ వారానికో క్లాసు పెడతాడు, రాకుమారి పాఠాలని. కాలేజీలో ఎలా మెలగాలో కథలు చెప్పి నేర్పుతాడట. బయట అందరూ ఆయన్ని రాజగురువు అంటార్లే. రాకుమారి ఎడమ మోకాలి మీద పిట్ట గూడు కట్టి గుడ్లు పెట్టిందట. కదిలితే గుడ్లు పగులుతాయి, ఏడిస్తే పిట్ట బెదిరిపోతుంది. అందుకని పిల్లలు ఎగిరిపోయేదాకా కదలకుండా మెదలకుండా కూర్చుందట. మేమూ అలాగే కూర్చోవాలట. ఎవరేమన్నా, ఏం జరిగినా.”

“నువ్వేమన్నావు?”

“నేనేమంటాను. ఆ రాజ్యంలో చెట్లు లేవా సార్ అని అడిగాను.”

“క్లాసు?”

“నవ్వింది. వెనక బెంచీ అమ్మాయైతే బల్ల కింద దూరి మరీ నవ్వింది.” అది గొడుగును మూలన పెట్టి, తల తుడుచుకుంటూ నేల మీద కూలబడింది. “అదే తప్పయిపోయింది పిన్నీ. క్రమశిక్షణ లేదని ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు రాశాడు. వార్షికోత్సవం రోజు స్టేజీ ఎక్కి, అందరి ముందూ ఆ కథ భక్తిగా చెప్పి, చివర్లో నా తప్పు ఒప్పుకోవాలట. లేకపోతే పరీక్ష రాయనివ్వరట. పరీక్ష రాయకపోతే సీటు పోయినట్టే.”

ఆ కథ నాకు తెలుసు. మోకాలు ఎడమది ఎందుకయిందో కూడా తెలుసు.

మా అమ్మ పిల్లల ఆసుపత్రిలో, కట్లు కట్టే గదిలో పెద్ద సిస్టర్‌గా పనిచేసింది. పుండుకు అంటుకుపోయిన గాజుగుడ్డను తడిపి తడిపి ఊడదీసేటప్పుడు పిల్ల కదలకూడదు. నలుగురు పట్టుకుని అదిమిపెడితే పిల్ల మరింత గింజుకుంటుంది. అందుకని అమ్మ రాకుమారుల కథలు అల్లేది. చెయ్యి కాలిన పిల్లకు పిట్ట చేతి మీద గూడు కట్టేది, తల పగిలిన పిల్లకు జుట్టులో కట్టేది. ఇంటికి వెళ్ళి కట్టు విప్పి చూసుకునే పిల్లల కోసం ఏడో గది తలుపు తెరవని రాకుమారి ఉండేది. మందు మింగని పిల్లల కోసం చేదు బావి నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగిన రాకుమారి ఉండేది. కట్టు కట్టడం పూర్తికాగానే, ఎక్కడున్నా సరే, కథ కూడా పూర్తయ్యేది.

విశ్వవిద్యాలయంలో నా పరిశోధనకు నేను ఎంచుకున్నవి ఆ కథలే. పర్యవేక్షకుడు అప్పట్లో అక్కడ పనిచేస్తున్న ఈ రాజగురువే. ఆసుపత్రి గదిలో నేను రికార్డు చేసుకున్న టేపులన్నీ మా ఇంటికి వచ్చి తీసుకువెళ్ళి విన్నాడు. నా సిద్ధాంతగ్రంథం ఇంకా టైపు అవుతూ ఉండగానే అవే కథలతో ఆయన పుస్తకం వెలువడింది. ఇదివరకే ప్రచురితమైన సామగ్రి అని నా గ్రంథాన్ని తిరస్కరించిన సంఘంలో మొదటి సంతకం కూడా ఆయనదే. టేపుల్లో ఉన్నవి గొంతులు మాత్రమే; అమ్మ గొంతు ఏ గదిలో, ఎందుకు కథ చెప్పిందో నా గ్రంథం మొదటి అధ్యాయంలో ఉంది. దాన్ని ఆయన చదవలేదు. తిరస్కరించదలచుకున్న గ్రంథాన్ని ఎవరూ చదవరు. అందువల్ల ఆయన పుస్తకంలో ఎడమ మోకాలి గూఢార్థం మీద ఒక పూర్తి అధ్యాయం చేరింది. స్త్రీ సహనానికి దేహంలోని ఎడమ భాగం ప్రతీక అని ఆయన నిరూపించాడు. ఆ రోజు మరుగునీళ్ళు పడింది ఒక చిన్నపిల్ల ఎడమ మోకాలి మీద.

ఆ మోకాలి మీద ఏటేటా వందల మంది ఆడపిల్లలను కూర్చోబెడుతున్నాడని మాత్రం పిడుగు చెప్పేవరకు నాకు తెలియదు.

కింద హాల్లో మా అక్క స్కూలు యూనిఫాంలు కుడుతోంది. విషయమంతా మిషను ఆపకుండానే విన్నది.

“చెప్పమన్నది చెప్పేసి దిగిపో. రెండు నిమిషాల పని. ఆ నోరు ఊరికే ఉండదు కదే నీకు.”

“నోరు పిన్ని పోలికని నువ్వేగా అంటావు.”

“ఆ పోలికే కాబట్టి నా భయం. అదీ ఇలాగే బయల్దేరింది, మేడమీద తేలింది.”

మెట్ల మీద నిలబడి విన్నాను. నాకు కోపం రాలేదు, వాక్యం బాగుంది.

“సీటు పోతే ఏం చేస్తావో అది కూడా చెప్పు,” అంది అక్క, ఈసారి మిషను ఆపి. “ఇదిగో, ఈ స్టూలు మీద నా పక్కన కూర్చుని కాజాలు కుడతావు. నేను కుట్టాను చాలదా? నా కళ్ళు చూడు.”

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న అమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది.

“ఎవడే వాడు? మనింటికొచ్చి టేపులు పట్టుకుపోయినవాడా?”

“అవునమ్మా,” అన్నాను. “నీ కథలన్నీ వాడి పేరుతోనే ఉన్నాయి.”

“కథలేగా. గాజుగుడ్డ కాదుగా, లెక్క చెప్పడానికి.”

“అవి నీవమ్మా.”

“నావేంటి? పుండు మానాక కట్టు ఎవరైనా దాచుకుంటారా?”

“పిట్టపిల్లలు ఎగిరిపోయాక ఆ రాకుమారి ఏమవుతుంది?”

అమ్మ నావైపు జాలిగా చూసింది. “ఏమవుతుంది? కట్టు అయిపోయింది. తరవాత పిల్లని పిలుస్తాం.”

అమ్మకు పగ లేదు. ఇన్నేళ్ళుగా ఆమె వాటా కూడా నేనే మోస్తూ వచ్చాను.

మరునాడు పిడుగును పైకి పిలిచాను.

“స్టేజీ ఎక్కు. కథ చెప్పు. భక్తిగానే చెప్పు. కాని ఆయన పుస్తకం ఆగిన చోట నువ్వు ఆగకు.”

“తరవాత ఏముంది?”

“ఇంకా లేదు. రాస్తాను.”

తేనెటీగలను పక్కన పెట్టాను. ఆ వారమంతా కిటికీ మీద వాన కొడుతూనే ఉంది, నేను రాసింది కొట్టివేస్తూనే ఉన్నాను. ఒక్క మాట ఎక్కువైనా పాత కథలా వినపడదు; ఒక్క మాట తక్కువైనా ఆయనకు తగలదు. అమ్మ వాడే మాటలు తప్ప మరొకటి వాడలేదు. సిద్ధాంతగ్రంథం మీద కూడా నేను అంత శ్రద్ధ పెట్టలేదు. దానిని ప్రేమతో రాశాను, అది వేరే సంగతి.

పిడుగు కథ విని గోడకు ఆనుకుని కూర్చుంది.

“ఇది అబద్ధం కదా పిన్నీ.”

“ఆయన చేసింది దొంగతనం. నేను చేస్తున్నది రచన.”

“మధ్యలో మైకు లాక్కుంటే?”

“లాక్కుంటాడు. లాక్కుని, ఈ కథ నీకెవరు చెప్పారు అని అడుగుతాడు.”

“అదే అడుగుతాడని నీకెలా తెలుసు?”

“కథలు సేకరించేవాళ్ళు తమకు తెలియని ముగింపు వినగానే ముందు అడిగేది అదే. నిద్రలో లేపినా అదే అడుగుతారు. ఆ అలవాటు నాకు నేర్పినవాడే ఆయన. అప్పుడు అమ్మమ్మ సంగతి చెప్పు, ఆ గది సంగతి చెప్పు. చెప్పి, అదే ప్రశ్న ఆయన్ని అడుగు. మర్యాదగా. ఆయన పుస్తకంలో కథ చెప్పినవాళ్ళ పేరు ఒక్కటి కూడా లేదు.”

“అసలు ఈ రాకుమారుల దగ్గర కాలేజీకి పనికొచ్చే పాఠం ఒక్కటైనా ఉందా?”

“ఉంది. వాళ్ళు ఓర్చుకుంటారని అందరూ చెప్తారు. వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. తలుపు ఎవరు వేశారో, గడియ ఏ చేత్తో పెట్టారో, అన్నీ. కథ చివర్లో ఆ చేతినే వెతుక్కుంటూ వెళ్తారు.”

అది నన్ను పరీక్షగా చూసింది. “ఇది తేడా కొడితే పోయేది నా సీటు. నీది కాదు.”

“అవును,” అన్నాను. పరిహారంగా ఇవ్వడానికి ఏదైనా ఉన్నట్టు నటించలేదు.

పిడుగు లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. లేచింది, కిటికీ మూసింది, వచ్చి నా ఎదురుగా నిలబడింది.

“ఆ ముసలాయన క్లాసులో మా అందర్నీ చేతులు ఒళ్ళో పెట్టుకోమంటాడు పిన్నీ, గూడు ఉందనుకుని. ఒకమ్మాయి తుమ్మితే బయటికి పంపాడు. మళ్ళీ చెప్పు, గులకరాళ్ళ దగ్గర్నుంచి.”

వార్షికోత్సవానికి నేను వెళ్ళాను. చీర మార్చుకుని మెట్లు దిగుతుంటే అక్క సూది నోట్లో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. ఆ తరువాత ఆమె కూడా మిషను మీద గుడ్డ కప్పి నాతో వచ్చింది. దారిలో ఒక్క మాట అంది: “నా కూతుర్ని ముంచావో, నీకు నాకు మాటలుండవు.”

ఆడిటోరియంలో తడిసిన గొడుగుల వాసన. తల్లిదండ్రులు మడత కుర్చీల్లో కిక్కిరిసి ఉన్నారు. మేము చివర గుమ్మం పక్కన నిలబడ్డాం. స్టేజీ మీద రాజగురువు. జుట్టు నెరిసింది, కాని కథ వినేటప్పుడు తల పక్కకు వంచి కళ్ళు అరమూసే అలవాటు పోలేదు. పిడుగు మైకు ముందుకు వచ్చి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నట్టే కట్టుకుని, కథ మొదలుపెట్టింది. అది మాట్లాడుతుంటే ఆయన పెదవులు కూడా కదులుతున్నాయి. పిట్టపిల్లలు ఎగిరిపోయాయి. ఆయన చప్పట్లకు చేతులెత్తాడు.

పిడుగు ఆగలేదు.

“ఇంక లేవచ్చనుకుంది రాకుమారి. చూస్తే గూట్లో ఇంకా గుడ్లున్నాయి. సరేనని మళ్ళీ కూర్చుంది. ఏళ్ళు గడిచాయి. గుడ్లు పగల్లేదు, పిల్లలు రాలేదు. రాజగురువు మాత్రం రోజూ వచ్చేవాడు. ఊళ్ళో ఆడపిల్లల్ని తీసుకొచ్చి, చూడండి ఎంత బుద్ధిగా కూర్చుందో అని చూపించేవాడు. ఒకరోజు ఆవిడ కాలు తిమ్మిరెక్కింది. కాస్త కదిలింది. ఒక గుడ్డు జారి కింద పడింది. పగల్లేదు. దొర్లింది. దొర్లుకుంటూ వెళ్ళి రాజగురువు చెప్పు దగ్గర ఆగింది. చూస్తే గులకరాయి. గూట్లో ఉన్నవన్నీ గులకరాళ్ళే. ఎవరు పెట్టారని ఆవిడ అడగలేదు. లేచింది. రాళ్ళన్నీ ఏరి, పెట్టినవాడి చేతుల్లో ఒక్కొక్కటే పెట్టింది. ఇంక మీరు పొదగండి, అంది.”

ముందు వరుసల్లోని అమ్మాయిల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టి, భయపడి ఆపేశారు. ఆయన అప్పటికే లేచి మైకు దగ్గరకు వచ్చాడు. ఆ ముఖంలో కోపం ఉంటుందని అక్క నా మోచెయ్యి పట్టుకుంది. కోపం లేదు. ఆశ ఉంది. ఆ క్షణంలో ఆయన ఫిర్యాదును, సభను, తనను కూడా మరచిపోయాడు.

“ఆగమ్మా. గులకరాళ్ళు... ఇది నేనెక్కడా వినలేదు. ఎవరు చెప్పారు నీకీ కథ?”

“మా అమ్మమ్మండి,” అంది పిడుగు. “పిల్లల ఆసుపత్రిలో, కట్లు కట్టే గదిలో పెద్ద సిస్టర్. పుండు మీద గాజుగుడ్డ తీసేటప్పుడు పిల్లలు కదలకుండా ఉండాలని చెప్పేది. కాలు కాలితే పిట్ట కాలి మీద కట్టేది, చెయ్యి కాలితే చేతి మీద. మీకెవరు చెప్పారు సార్?”

ఆయన నోరు తెరిచాడు. మైకులో ఊపిరి మాత్రం వినిపించింది.

ఆ తరువాత జరిగింది నా రచనలో లేదు. తల్లిదండ్రుల వరుసలోంచి ఒక బట్టతల మనిషి సగం లేచాడు. “పెద్ద సిస్టరా? నాకు భుజం మీద కట్టింది పిట్ట.”

“నాకు మడమ మీద,” అంది అవతలి వరుసలో ఒకావిడ. “చేదు బావి నీళ్ళు కూడా తాగించింది, మహాతల్లి.”

“నాకు నెత్తిన కట్టింది. వారం రోజులు తల దువ్వనివ్వలేదట నేను.”

ఊళ్ళో ఉన్నది ఒక్కటే పిల్లల ఆసుపత్రి. ఎవరో మోచేయి అన్నారు, ఎవరో చెవి అన్నారు, చెవి మీద గూడెలా కడుతుందని పక్కవాళ్ళు తగువు పెట్టుకున్నారు. నవ్వు కుర్చీల మధ్య నుంచి పాకుతూ స్టేజీ దాకా వెళ్ళింది. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె నవ్వకుండా గట్టిగా అడిగింది: “అయితే పోయినేడాదంతా మేము కూర్చున్నది ఎవరి పుండుకి సార్?”

ఆయన మైకును స్టాండులో పెట్టాడు. సరిగా కూర్చోలేదని మళ్ళీ తీసి పెట్టాడు. తరువాత స్టేజీ దిగి పక్క తలుపులోంచి బయటికి నడిచాడు. నేను నవ్వలేదు. ఏ ఒక్క పుట తప్పిపోకూడదన్నట్టు చివరిదాకా చూశాను.

రాకుమారి పాఠాలు టైంటేబుల్లోంచి పోయాయి. కాని ఫిర్యాదు పోలేదు. రాసినవాడే వెనక్కి తీసుకోవాలని ప్రిన్సిపాల్ అన్నాడు. పరీక్షలు దగ్గరపడ్డాయి. పిడుగు చదువుకుంటూనే ఉంది, అక్క నాతో మాట్లాడడం మానేసింది. తల్లి పక్కన స్టూలు మీద కూర్చుని పిడుగు ఖాళీ సమయంలో కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. అక్క దాన్ని వద్దనలేదు. అది నాకు చూపించడానికేనని నాకు తెలుసు.

అటువంటి ఒక మధ్యాహ్నం ఆయన మా ఇంటికి వచ్చాడు. వానలో గొడుగు లేకుండా వచ్చాడు. అక్క కుర్చీ తుడిచి వేసింది, తువ్వాలు ఇచ్చింది, మంచినీళ్ళు ఇచ్చింది. ఆయన జేబులోంచి మడత కాగితం తీసి మిషను మీద పెట్టాడు.

“ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. ఇది నకలు. అమ్మాయి పరీక్ష రాయవచ్చు. దీనికి బదులుగా నేనేమీ అడగడం లేదు.”

అక్క ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని లోపలికి వెళ్ళింది. కళ్ళు తుడుచుకోవడానికి వెళ్ళిందని అందరికీ తెలిసింది.

“టేపులు పట్టుకుపోయింది నువ్వేనా?” అంది అమ్మ.

“నేనేనండి.”

“అందులో పిల్లల ఏడుపులు వినపడతాయా?”

“వినపడతాయి,” అన్నాడు ఆయన. “పక్కింట్లో పిల్లలేమో అనుకున్నాను.”

అమ్మ తల ఊపింది. తడి చొక్కా విప్పి ఆరేసుకోమంది. ఆయన విప్పలేదు. నావైపు తిరిగాడు. విశ్వవిద్యాలయంలో నా పనిని మెచ్చుకునేటప్పుడు ఎలా చూసేవాడో అలాగే చూశాడు.

“ఆ గులకరాళ్ళు. అవి మీ అమ్మగారివా, నీవా?”

“తెలుసుకుని ఏం చేస్తారు సార్?”

“ఏమీ చెయ్యను. ఇంక నేను రాసేది లేదు, వేసేవాళ్ళూ లేరు. ఊరికే తెలుసుకోవాలి. పాతదైతే ఇన్నేళ్ళూ నేను సగం కథ పట్టుకుని ఊరేగాను. నీదైతే...” ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. “నిద్ర పట్టడం లేదమ్మా.”

“నాకు చాలా ఏళ్ళు పట్టలేదు.”

“తెలుసు.”

“తెలుసా?”

“తెలుసు,” అని మళ్ళీ అన్నాడు, చూపు నేల మీదికి దించి.

అమ్మ కుర్చీలో ముందుకు వంగింది. ఆమెకు నొప్పి పడుతున్న మనిషిని చూస్తూ ఊరుకునే అలవాటు లేదు. “ఏముంది బాబూ, ఆ రాళ్ళు...”

“అమ్మా,” అన్నాను. “నీ మందు వేళయింది. లోపలికి రా.”

మందు వేళ కాలేదని అమ్మకు తెలుసు. నా ముఖం చూసి, నెమ్మదిగా లేచి, నా చెయ్యి పట్టుకోకుండానే లోపలికి నడిచింది. పిడుగు కాజా కుడుతూ తల ఎత్తి నన్ను చూసింది, ఆయన్ని చూసింది, తిరిగి తల వంచుకుంది. అది కూడా చెప్పలేదు.

ఆయన మరికాసేపు కూర్చున్నాడు. నేను నిలబడే ఉన్నాను. చివరకు తువ్వాలు మడిచి కుర్చీ చేతి మీద వేసి, చెప్పులు తొడుక్కుని, గోడ పట్టుకుని గుమ్మం మెట్లు దిగాడు. వీధి మలుపు తిరిగేదాకా చూసి తలుపు వేశాను.

అక్క వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. చాలా రోజుల తరువాత అదే మొదటి మాట.

“అంత మర్యాదగా వచ్చిన మనిషి. పిల్ల సీటు చేతిలో పెట్టి మరీ అడిగాడు. ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోతుందే?”

“ఆ ఒక్కటే నా సొమ్మక్కా.”

అక్క కంచాలు పెట్టింది. అందరం ఆలస్యంగా భోజనానికి కూర్చున్నాం. నాకు విపరీతంగా ఆకలి వేసింది. తిన్నాను. కంచం ముందుకు జరిపి, ఇంకొంచెం పెట్టమని అడిగాను.